ఐదున్నర శ్రుతి

ఇస్సాకు హార్మోనియంలో పదకొండేళ్లుగా ఒక అబద్ధం కాపురముంటోంది. ఆ సంగతి ఇస్సాకుకి తెలుసు. దేవుడికి కూడా తెలిసే ఉంటుంది గానీ, ఆయన ఇలాంటి వాటికి సాక్ష్యం చెప్పడానికి వచ్చే రకం కాదు.

పద్యనాటకాల వాళ్లకి శ్రుతి ఇంటిపేరుతో సమానం. హార్మోనియం మీద ఏ మెట్టు నొక్కితే దాన్ని పట్టుకుని నటుడు పద్యం ఎత్తుకుంటాడో, అదే అతని శ్రుతి. ఫలానావారు నాలుగు, ఫలానావారు ఐదు అని ఊళ్లో చెప్పుకుంటారు. మెట్టు ఎంత పైదైతే మనిషి అంత మొనగాడు. కోనసీమ మొనగాళ్లందరి కంటే పై మెట్టు ఆడవేషం కట్టే తాతబ్బాయిది. ఐదున్నర, అంటే ఐదుకీ ఆరుకీ మధ్య నల్లమెట్టు. అటు కాట్రేనికోన నుంచి ఇటు సఖినేటిపల్లి దాకా నాటకాల పిచ్చి ఉన్న ఎవరినడిగినా 'ఐదున్నర తాతబ్బాయి' అనే చెబుతారు.

తాతబ్బాయి కొత్తపేట పక్కన కొబ్బరితోటలున్న రైతుబిడ్డ. ఇరవై రెండో ఏట మీసం తీసేసి చీర కట్టాడు. తండ్రి ఆరు నెలలు మాట మానేశాడు. ఆ తర్వాత ఎవరో షష్ఠి తీర్థపు జాతరలో నాటకానికి బలవంతాన లాక్కెళితే, వేషంలో ఉన్నది కొడుకన్న సంగతి మరిచిపోయి లేచి దండం పెట్టేశాడు. ఇంటికొచ్చాక సిగ్గుపడి మళ్లీ మాట మానేశాడు.

ఆ నాటకం పేరు 'సఖీమాధవం'. గుళ్లో దీపాలు వెలిగించే వేణుదాసు అనే పేదవాడి కథ. పగలు పంచె కట్టుకుని తిరిగే వేణుదాసు, సంధ్యవేళ గుడి తలుపులు మూశాక చీర కట్టుకుని, జడ వేసుకుని, మాధవస్వామికి చెలికత్తెనంటూ పాడుకుంటాడు. ఊరు నవ్వుతుంది. రాజు కొరడాలతో కొట్టిస్తాడు. చివరి అంకంలో గర్భగుడి గడప మీద పడి ప్రాణం పోతూ ఒక పద్యం పాడతాడు. "ఏ వేషమున నున్న నేమి స్వామీ, నీ కన్నులకు కనబడిన చాలు" అన్నది దాని ఆఖరి పాదం. స్వామి దిగివచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతాడు. తెర పడ్డాక ఆడవాళ్లు వేదిక వెనక్కి వచ్చి తాతబ్బాయి చేత బొట్టు పెట్టించుకునేవారు, పిల్లల్ని ఆ కాళ్ల మీద పడేసేవారు. తెల్లారితే ఆ ఆడవాళ్ల మొగుళ్లే టీకొట్టు దగ్గర తాతబ్బాయి నడకని అనుకరించి పగలబడి నవ్వేవారు. రెండూ మన ఊళ్లోనే, రెండూ మన మనుషులే.

ఇస్సాకు ఆ నాటకం ఆడే కంపెనీలో హార్మోనిస్టు. వాళ్ల నాన్న పొలం కూలీ. చర్చిలో మేష్టారి దగ్గర హార్మోనియం నేర్చుకుని పంతొమ్మిదో ఏట నాటకాల్లోకి వచ్చాడు. ఆదివారం పొద్దున్న ప్రభువుకి, మిగతా రోజుల్లో మాధవస్వామికి వాయించాడు. చర్చి అయ్యగారు "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు ఇస్సాకూ" అనేవారు. ఇస్సాకుకి అవి రెండు పడవలని ఎప్పుడూ అనిపించలేదు. సంఘమంతా పెళ్లికూతురని, ప్రభువు పెళ్లికొడుకని ఆ అయ్యగారే కదా బోధించేది! బుర్రమీసాల హెడ్మాస్టర్లు, రిటైరైన తాసిల్దార్లు కళ్లు మూసుకుని పెళ్లికూతుళ్లై పాడుతుంటే ఒక్కడూ నవ్వడు. వేణుదాసు చీర కట్టుకుంటేనే నవ్వొచ్చిందా అని ఇస్సాకుకి లోలోపల మంట.

ఆ మంట వెనక ఇంకో సంగతి ఉంది. చివరి పద్యం గర్భగుడి వైపు తిరిగి పాడాలి. స్వామి వేషం కట్టే శివనాగరాజు అక్కడే నిలబడి ఉంటాడు. తాతబ్బాయి మాత్రం ఆఖరి పాదానికి వచ్చేసరికి కుడివైపుకి, హార్మోనియం వైపుకి తిరిగేవాడు. కాటుక కళ్లతో తిన్నగా ఇస్సాకుని చూస్తూ "కనబడిన చాలు" అనేవాడు. శ్రుతి కోసం తిరిగాడో, తన కోసమే తిరిగాడో ఇన్నేళ్లలో ఇస్సాకు అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుందని భయం. ఈలోగా ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, జరగాల్సినవన్నీ జరగాల్సినట్టే జరిగాయి.

ఒకే ఒక్కసారి జవాబు దానంతటదే అంచుదాకా వచ్చింది. నరసాపురంలో నాటకం ఆడి, పొద్దెక్కాక పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వస్తున్నారు. రంగు సరిగ్గా కడుక్కోని ముఖంతో తాతబ్బాయి ఇస్సాకు భుజానికి తల ఆనించి, "ఒరే ఇస్సాకూ, వచ్చే జన్మంటూ ఉంటే నువ్వూ నేనూ ఇలా రేవు రేవుకీ విడిపోకుండా ఉండాల్రా" అన్నాడు. ఇస్సాకు ఎన్నో అనాలనుకుని నోరు తెరిచి, చివరికి అన్నదేమిటంటే, "మాకు వచ్చే జన్మలుండవండి."

తాతబ్బాయి పకపకా నవ్వి తల తీసేసుకున్నాడు. పంటు రేవుకి తగిలింది. అది జరిగి ముప్ఫై ఏళ్లు. నోటికి తాళం వేయాల్సిన చోట వాగి, వాగాల్సిన చోట తాళం వేసుకునే మనుషుల్లో ఇస్సాకు మొదటివాడు.

ఇక ఆ 'ఒరే' సంగతి. తాతబ్బాయి మర్యాద కోనసీమలో కూడా వింతగా చెప్పుకునేటంత మర్యాద. పాలేరుని 'ఏమండీ' అంటాడు, దారికడ్డంగా పడుకున్న కుక్కని 'తప్పుకోండి' అంటాడు. అలాంటివాడు ఇస్సాకుని ఒక్కణ్ణే 'ఒరే' అనేవాడు. ఊరు దాన్ని కులం ఖాతాలో వేసుకుంది: రైతన్నవాడు కూలీవాడి కొడుకుని ఒరే అనక ఏమంటాడు! ఇస్సాకు భార్య దీనమ్మకి ఆ పిలుపు వింటే ఒళ్లు మండేది. "మన పిల్లలు టీచర్లయ్యేరు, మనవలు ఇంజనీర్లవుతున్నారు. ఇంకా మిమ్మల్ని ఒరే ఏంటండి?" అనేది. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఆ రెండక్షరాలే తన ఆస్తి అని పెళ్లానికి ఎలా చెబుతాడు?

అరవై నిండేసరికి తాతబ్బాయి గొంతు దిగడం మొదలైంది. ముందుగా ఇస్సాకు చెవికే తెలిసింది. రాజోలు నాటకంలో ఆఖరి పాదం పైస్వరం అందక తాతబ్బాయి దగ్గుతో కప్పేశాడు. వేషం విప్పుతూ, "ఐదున్నర అందని రోజు నేను చీర కట్టనురా. ఇంటికాడ కూర్చుంటాను" అన్నాడు. ఇస్సాకు లెక్క వేసుకున్నాడు. తాతబ్బాయి చీర కట్టకపోతే ఆఖరి పాదం ఉండదు. ఆఖరి పాదం లేకపోతే కుడివైపుకి తిరిగే ఆ కళ్లు ఉండవు. పోనీ కింది మెట్టు నొక్కుదామా అంటే, నటులంతా హార్మోనిస్టు వేలు చూసే ఎత్తుకుంటారు. ఇట్టే దొరికిపోతాడు.

అందుకని హార్మోనియం పెట్టె శ్రుతినే దించాడు. హార్మోనియం లోపల మెట్టు మెట్టుకీ ఇత్తడి రీడులుంటాయి. రీడుని చివర గీకితే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఇస్సాకు సన్న ఆకురాయి పట్టుకుని రీడులన్నిటినీ మొదట్లో వెంట్రుకవాసి గీకాడు. మెట్టు అదే ఐదున్నర, పలికేది కాస్త తక్కువ. అక్కణ్ణుంచి గొంతు ఎంత దిగితే పెట్టెని అంత దించుకుంటూ వచ్చాడు. పదకొండేళ్లయ్యేసరికి ఐదున్నర దాదాపు నాలుగున్నర దగ్గరికి చేరింది. ఎవడూ పట్టుకోలేదు. అదే పెట్టె మీద పాడే మిగతావాళ్లకి కూడా గొంతు లేతబడినట్టే అనిపించింది. "ఈమధ్య నాకు పైస్వరాలు భలే పలుకుతున్నాయండి, అంతా స్వామి దయ" అని శివనాగరాజు చెప్పుకు తిరిగాడు. హాయిగా ఉన్నదాన్ని ఎవడు అనుమానిస్తాడు?

చర్చిలో మాత్రం బెడిసికొట్టింది. కుర్రాళ్లు కీబోర్డు, గిటారు తెచ్చారు. ఇస్సాకు పెట్టె అటు పై మెట్టుకీ ఇటు కింది మెట్టుకీ కాకుండా మధ్యలో పలుకుతుంటే కీర్తన కీర్తనలా లేదు. అయ్యగారు మర్యాదగానే, "పెట్టె శ్రుతి చేయించండి, లేదంటే ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఇస్సాకు విశ్రాంతి తీసుకున్నాడు. నలభై ఏళ్లు కూర్చున్న చోటు వదిలి వెనక బెంచీలోకి వెళ్లాడు. దీనమ్మ ఆ రోజు మొత్తుకుంది. "వాళ్ల దేవుడికి పనికొచ్చిన పెట్టె మన దేవుడికి పనికిరాలేదా? బాగు చేయించడానికి మీకేం అడ్డొచ్చిందండి?" అంది.

అలాంటి రోజుల్లో సాయిదుర్గ వచ్చింది. రాజోలు పిల్ల, విశాఖలో పీహెచ్‌డీ చేస్తోంది. పద్యనాటకంలో భక్తి, క్వీర్ భావన అన్నది ఆమె పరిశోధన. తాతబ్బాయి ఇంట్లో మూడు మధ్యాహ్నాలు ఇస్సాకు చేత వాయింపించి, తాతబ్బాయి చేత పాడించి రికార్డు చేసుకుంది. తాతబ్బాయి మురిసిపోయి ముప్ఫై ఏళ్ల కిందటి కేసెట్టు కూడా ఇచ్చి, "రెండూ పక్కపక్కన పెట్టి వినండమ్మా, ఐదున్నర ఎక్కడైనా చెక్కు చెదిరిందేమో!" అన్నాడు. ఇస్సాకు గబగబా పెట్టె మూత వేసేశాడు.

నాలుగో రోజు ఆ పిల్ల ఇస్సాకు ఇంటికి ఒక్కతే వచ్చింది. దీనమ్మ చర్చిలో ఆడవాళ్ల కూటానికి వెళ్లింది.

"క్వీర్ అంటే ఏంటమ్మా?" అని ఇస్సాకే ముందు అడిగాడు.

సాయిదుర్గ కాస్త తడుముకుంది. "లోకం గీసిన గీతలో ఇమడని మనసండి. ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి ప్రేమించడంలాంటిది. వేణుదాసుది అదే కదండి. మనవాళ్లు భక్తి అన్నారు కాబట్టి చెల్లిపోయింది."

"దానికి పేరు కూడా ఉందా అమ్మా!" అన్నాడు ఇస్సాకు. యాభై ఏళ్లు మోసిన బరువుకి ఒక పేరుందని, అది కూడా ఇంగ్లీషులో ఉందని, డెబ్బయ్యో ఏట తెలిసింది పాపం.

సాయిదుర్గ ఫోను తీసి ముందు పెట్టింది. "కేసెట్టులో తాతగారి ఐదున్నర, మొన్నటి ఐదున్నర ఒకటి కావండి. టేపు సాగిందేమో అనుకుని, మీరు కాఫీకి లేచినప్పుడు మీ పెట్టె మీద ఒక్కో మెట్టూ నొక్కి ఫోనులో శ్రుతి కొలిచి చూసేను. అన్నీ దిగి ఉన్నాయండి, అదీ ఒకే కొలతలో. పాతబడితే అలా దిగవు. ఎవరో కావాలని దించేరు."

ఇస్సాకు మొత్తం చెప్పేశాడు. రీడులు, ఆకురాయి, కుడివైపుకి తిరిగే కళ్లు, పంటు, చర్చిలో వెనక బెంచీ. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరికి చెప్పడం అదే మొదలు. వింటూ వింటూ ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

"ఆదివారం అమలాపురంలో సదస్సు ఉందండి. తాతగారికి సన్మానం కూడా. నేను మాట్లాడాలి. ఇది చెప్పనాండి? మీరు వద్దంటే ఎక్కడా ఎత్తను, ఒట్టు" అంది.

'వద్దమ్మా' అంటే సరిపోయేది. అనలేదు. ముసలితనంలో పుట్టే ఆశ చాలా చెడ్డది. తన నోటితో చెబితే చెడగొట్టుకుంటానని అతనికి తెలుసు. చదువుకున్న పిల్ల, చక్కని మాటల్లో, పదిమంది ముందు చెబితే తాతబ్బాయి కుడివైపుకి తిరిగి చూస్తాడు. ఈసారి శ్రుతి కోసం కాదని ఇద్దరికీ తెలిసిపోతుంది. అంతకు మించి ఇస్సాకుకి ఇంకేమీ అక్కర్లేదు.

"చెప్పండమ్మా" అన్నాడు.

ఆదివారం చర్చి ఎగ్గొట్టి, పెట్టె ఆటోలో వేసుకుని అమలాపురం వెళ్లాడు. హాలు సగానికి పైగా నిండింది. తాతబ్బాయి పట్టుపంచె కట్టుకుని, భుజాన శాలువాతో వేదిక మధ్యలో సోఫాలో కూర్చున్నాడు. ఇస్సాకు తన మామూలు చోట, కుడివైపున, పెట్టె వెనక కూర్చున్నాడు.

సాయిదుర్గ బాగా మాట్లాడింది. వేణుదాసు చీరలో భక్తి ఉందని, ఆ భక్తిలో కోరిక ఉందని, ఆ రెంటినీ విడదీయడం దేవుడి వల్ల కూడా కాదని చెప్పింది. ఆ తర్వాత రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి వినిపించింది. "ఒక మనిషి గొంతు దిగిపోతోందని ఇంకో మనిషి తన వాద్యాన్నే దించుకున్నాడండి, పదకొండేళ్లు. దేవుడి ముందు తన చోటు కూడా పోగొట్టుకున్నాడు. ఈ నాటకంలో ప్రేమ పద్యంలోనే లేదు, ఆ పెట్టెలో ఉంది" అంది.

చప్పట్లు మొదలయ్యాయి. ఇస్సాకు తాతబ్బాయి కేసి చూశాడు. తాతబ్బాయి తల ఇంకా ఇటు తిరగలేదు.

ముందు వరుసలోంచి శివనాగరాజు గొంతు ఖంగుమంది. "అయితే మన ఐదున్నర ఉత్త నాలుగున్నరేనన్నమాటండీ!"

తను కూడా పదకొండేళ్లుగా ఆ పెట్టె దయ మీదే పాడుతున్నాడని ఆ మహానుభావుడి బుర్రకి తట్టలేదు. హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల చెప్పిన ప్రేమ మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

తాతబ్బాయి లేచాడు. "అమ్మా, మీ ఫోనులో అసలైన ఐదున్నర పెట్టండి" అన్నాడు.

"తాతగారూ, వద్దండి. నా ఉద్దేశం అది కాదండి."

"పెట్టండమ్మా."

ఫోనులో శ్రుతి మొదలైంది. అలవాటు కొద్దీ ఇస్సాకు కాళ్లు పెట్టె కింది గాలితిత్తి తొక్కబోయాయి. "తొక్కకు" అన్నాడు తాతబ్బాయి, ఇటు చూడకుండానే. ఫోను ఎడమవైపు బల్ల మీద ఉంది. అటు తిరిగి పాడాడు.

"ఏ వేషమున నున్న నేమి స్వామీ" దాకా గొంతు నిలబడింది. "నీ కన్నులకు" దగ్గర బీటలు వారింది. "కనబడిన" అన్నచోట పగిలిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ పగిలింది. మూడోసారి గాలి తప్ప స్వరం రాలేదు. పద్యం రక్తి కడితే 'వన్స్ మోర్' అని అరవడం మనవాళ్ల అలవాటు. వెనక వరుసలోంచి ఎవడో, ఎగతాళికో అలవాటుకో, "వన్స్ మోర్!" అని అరిచాడు.

డెబ్బై ఒక్కేళ్ల మనిషి ఆ అరుపుకి కూడా నమస్కారం పెట్టి, శాలువా మడిచి సోఫాలో పెట్టి, ఎడమవైపు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయిదుర్గ పరుగున వచ్చి ఇస్సాకు చేతులు పట్టుకుని ఏడ్చింది. "మీ తప్పేం లేదమ్మా, చెప్పమన్నది నేనే కదా" అన్నాడు. అది మర్యాదకి అన్న మాట కాదు. అక్షరాలా నిజం, అందుకే అంత చేదుగా ఉంది.

షష్ఠికి నాటకం ఆడనని తాతబ్బాయి కబురు చేశాడట. వేషం చీరలన్నీ పంచేశాడట. నాలుగు రోజులు ఆగి ఇస్సాకు వాళ్లింటికి బయల్దేరాడు. ఒంటరిగా వెళ్లడానికి కాళ్లు రాలేదు. దీనమ్మని తోడు తీసుకెళ్లాడు.

ఇన్నేళ్లూ ఇస్సాకు వెళితే తాతబ్బాయి అరుగు మీదే అతని పక్కన చతికిలబడి, "ఏరా, వచ్చేవా" అనేవాడు. ఆ రోజు గుమ్మంలోకి ఎదురొచ్చాడు.

"రండి ఇస్సాకు గారూ. దీనమ్మ గారూ, మీరూ రండమ్మా. లోపల కూర్చుందాం."

హాల్లో కుర్చీలు వేయించాడు. కోడలితో కాఫీ తెప్పించాడు. కొబ్బరి ధర గురించి, వానల గురించి మాట్లాడాడు. ప్రతి మాట చివరా అండీ ఉంది. ఇస్సాకు ఎంతోసేపు ఓర్చుకోలేకపోయాడు.

"నన్ను తిట్టండి. ఒరే అని తిట్టండి" అన్నాడు.

"అయ్యో, అంత మాటేంటండి! పదకొండేళ్లు నా మీద జాలిపడి నన్ను మోసేరు. మిమ్మల్ని తిడితే కళ్లు పోవూ!"

"జాలి కాదండి."

"మరేంటండి?" అన్నాడు తాతబ్బాయి.

తిన్నగా కళ్లలోకి చూస్తూ అడిగాడు. కాటుక లేని కళ్లు. ఒక్క క్షణం ఆ ముఖంలో మర్యాద పక్కకి తప్పుకుంది. జవాబు వినడానికి అతను నిజంగానే ఆగాడు. పక్కన దీనమ్మ కాఫీ ఊదుకుంటోంది. తలుపు దగ్గర కోడలు నిలబడింది. ఇస్సాకు నోరు తెరిచాడు.

"ఏం లేదండి" అన్నాడు.

తాతబ్బాయి ఇంకాసేపు చూశాడు. "సరేనండి" అని లేచాడు. వీధి గేటు దాకా వచ్చి, ఆటో కదిలేదాకా నిలబడి సాగనంపాడు.

కాలవ గట్టు మీద ఆటో పోతుంటే దీనమ్మ ముఖం వెలిగిపోతోంది. "చూసేరా? గారు అన్నాడు! లోపలికి పిలిచి కుర్చీ వేయించేడు. గేటు దాకా వచ్చేడు. మా నాన్న బతికుండి చూడాల్సిందండి. ఇన్నాళ్లకైనా మీ విలువ తెలిసొచ్చింది."

ఇస్సాకు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"ఏంటండి, ఏడుస్తున్నారా? సంతోషానికా?"

"ఆయ్" అని తలూపాడు ఇస్సాకు.